పనికిరాని అలర్ట్ల వడపోతపై తీర్మానం

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంత కేబుల్, ఇంటర్నెట్ ఆపరేటర్లు, సంస్థల నెట్‌వర్క్ ఉద్యోగుల ఉమ్మడి సమావేశం చర్చించి ఆమోదించినది)

మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లోనూ, కొంపల్లి, గుండ్లపోచంపల్లి, తూంకుంట, అలియాబాద్, తుర్కపల్లి ప్రాంతాల్లోనూ కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ సేవలు నడుపుతున్న స్థానిక ఆపరేటర్లం. ఇక్కడి కళాశాలలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు, ప్రయోగశాలల్లో నెట్‌వర్క్ బాధ్యత చూస్తున్న ఉద్యోగులం. రాత్రి షిఫ్టులో మానిటరింగ్ తెరల ముందు కూర్చునేవాళ్లం. నిచ్చెన భుజాన వేసుకుని ఫైబర్ జాయింట్లు వేసేవాళ్లం. మేమంతా ఒకచోట కూర్చుని, మా పరికరాల నుంచి వచ్చే అలర్ట్లలో ఏవి మనిషి దాకా రావాలి, ఏవి రాకూడదు అన్న విషయం మీద చేసుకున్న తీర్మానం ఇది.

పూర్వాపరాలు

44వ నంబరు జాతీయ రహదారి కొంపల్లి, మేడ్చల్ మీదుగా ఉత్తరానికి పోతుంది. రాజీవ్ రహదారి తూంకుంట, శామీర్‌పేట దాటి కరీంనగర్ దారి పడుతుంది. ఈ రెంటినీ ఔటర్ రింగ్ రోడ్డు అడ్డంగా కలుపుతుంది. మా ఫైబర్ ఎక్కువభాగం ఈ మూడు రోడ్ల మధ్యనే ఉంది. కొంత నేల కింద, కొంత స్తంభాల మీద. ఒకే కేబుల్ మీద ఒక చివర గేటెడ్ కాలనీ, మధ్యలో కోళ్ల ఫారం, అవతలి చివర మందుల కంపెనీ ఉండటం మాకు మామూలే. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కలెక్టరేట్ శామీర్‌పేట వైపే ఉన్నాయి. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ ఉంది. కొవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. టీకాల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే నిల్వ చేయాలి. శీతల గదిలో వేడి పెరిగిందని చెప్పే సెన్సర్ మాట కూడా ఏదో ఒక నెట్‌వర్క్ మీదుగానే ప్రయాణించాలి. అంటే ఈ ప్రాంతంలో ఒక అలర్ట్ విలువ మరో అలర్ట్ విలువతో ఏమాత్రం సమానం కాదు. మా సాఫ్ట్‌వేర్లు మాత్రం అన్నింటినీ ఒకే ఎరుపు రంగులో, ఒకే మోతతో పంపుతున్నాయి.

సభ్యులు వాడుతున్న సాఫ్ట్‌వేర్లు రకరకాలు. జాబిక్స్, లిబ్రెఎన్‌ఎంఎస్, నాగియోస్, పీఆర్‌టీజీ, మైక్రోటిక్ వారి డ్యూడ్, ఇవి కాక ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్ లైన్లన్నీ వచ్చి కలిసే మా వైపు పరికరం) తయారీదారులు ఇచ్చే సొంత సాఫ్ట్‌వేర్లు. దేనినీ తప్పుపట్టడం ఈ సమావేశం ఉద్దేశం కాదు. అన్నింటిలోనూ వడపోతకు కావలసిన సౌకర్యాలు ఎంతో కొంత ఉన్నాయి. మనం వాటిని వాడటం లేదు. సాఫ్ట్‌వేర్ వేసిన రోజున ఆటో డిస్కవరీ నడిపి, నెట్‌వర్క్‌లో కనిపించిన ప్రింటరు, సీసీ కెమెరా, ఎవరి ల్యాప్‌టాప్ అన్నది కూడా తెలియని ల్యాప్‌టాప్ అన్నింటినీ పర్యవేక్షణలోకి తెచ్చి, కంపెనీవాళ్లు ముందే పెట్టి ఇచ్చిన నియమాలను అలాగే వదిలేసి, అలర్ట్లన్నింటినీ వాట్సాప్‌కో టెలిగ్రామ్ గ్రూపుకో తిప్పేసి పని అయిపోయిందనుకుంటున్నాం. కొద్ది వారాల్లో ఆ గ్రూపును అందరూ మ్యూట్ చేస్తారు. అలా మ్యూట్ చేసిన టెక్నీషియన్‌ది తప్పని ఈ సమావేశం అనుకోవడం లేదు. రాత్రంతా మోగే ఫోను పక్కన పెట్టుకుని ఎవరూ నిద్రపోలేరు, మర్నాడు స్తంభం ఎక్కలేరు.

దీనివల్ల జరిగే నష్టం కంటికి కనిపించదు. నూరు పనికిరాని అలర్ట్ల మధ్య వచ్చిన ఒక్క అసలైన అలర్ట్‌ను ఎవరూ చూడరు. కస్టమర్ ఫోన్ చేసి "అన్నా, బాక్సులో ఎర్ర లైటు వెలుగుతోంది" అన్నప్పుడే మనకు తెలుస్తోంది. మానిటరింగ్ కోసం సర్వర్ పెట్టి, కరెంటు ఖర్చు పెట్టి, మనిషిని కూర్చోబెట్టి కూడా చివరికి కస్టమర్ నోటి నుంచే సమాచారం తెలుసుకుంటున్నామంటే ఆ ఏర్పాటులో పెద్ద లోపమే ఉంది.

ఇది మా ఒక్కరి సమస్య కాదని చెప్పడానికి రెండు సంఘటనలను ఈ సమావేశం గుర్తుచేసుకుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సాకో చమురు శుద్ధి కర్మాగారంలో 1994 జులై 24న పేలుడు జరిగింది. ఆ ఉదయం ఉరుములు మెరుపులతో వచ్చిన గాలివాన కర్మాగారం పనిని దెబ్బతీసింది. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాలు కూడా నిండని సమయంలో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని ప్రభుత్వ విచారణలో తేలింది. అంత రొదలో ఏది ముఖ్యమో ఎంచుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ తరువాత 1999లో ఈఈఎంయూఏ అనే పారిశ్రామిక సంఘం 191వ నంబరుతో అలారాల మీద మార్గదర్శక గ్రంథం ప్రచురించింది. వ్యవస్థ మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక ఆపరేటరుకు సగటున పది నిమిషాలకు ఒకటి మించి అలారం రాకూడదన్నది అందులోని కొలమానం. మా కంట్రోల్ రూముల్లో కరెంటు పోయిన సాయంత్రం ఎన్ని వస్తాయో ఇక్కడ కూర్చున్నవారికి వేరే చెప్పక్కరలేదు.

రెండో సంఘటన దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలోనూ, కెనడాలోని ఆంటారియోలోనూ కోట్లమందికి కరెంటు పోయింది. ఒహాయోలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో అలారాలు చూపించే సాఫ్ట్‌వేర్ మధ్యాహ్నం రెండు దాటాక చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. అది ఆగిపోయిందన్న సంగతి ఆపరేటర్లకు గంటకు పైగా తెలియలేదు. అలారం రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు, లైన్లు ఒకదాని వెనక ఒకటి పడిపోతూనే ఉన్నాయి. అలర్ట్లను తగ్గించే ఏ నియమమైనా ఈ ప్రమాదాన్ని కూడా దృష్టిలో పెట్టుకునే రాయాలని సభ్యులందరూ అంగీకరించారు.

ఇక మన ఇంటి సంగతి. 2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ కుటుంబాలకు ఈ సమావేశం సంతాపం తెలుపుతోంది. ఆ తరువాత నగరంలో స్తంభాల మీది కేబుళ్ల తొలగింపు మొదలైంది, అనేక ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఆగింది, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. కేబుళ్లను క్రమపద్ధతిలోకి తేవాలన్న విషయంలో మాకు రెండో అభిప్రాయం లేదు. దాన్ని గురించి విడిగా చర్చిస్తాం. ఇక్కడ మాకు ముఖ్యమైనది మరొకటి. స్తంభం దగ్గరికి మనిషిని పంపే ప్రతిసారీ ఒక ప్రాణాన్ని కరెంటు తీగల పక్కకు పంపుతున్నాం. అనవసరమైన అలర్ట్‌ను నమ్మి రాత్రి ఒంటిగంటకు, వానలో, రాజీవ్ రహదారి పక్కన ఒక కుర్రవాడిని నిచ్చెన ఎక్కించడం అన్యాయం. వడపోత గురించి మేము ఇంత పట్టుదలగా మాట్లాడటానికి మొదటి కారణం ఇదే. సౌకర్యం, ఖర్చు, కస్టమర్ల సంతృప్తి ఆ తరువాతి మాటలు.

పై విషయాలన్నింటినీ పరిశీలించి, ఈ సమావేశం ఇందుమూలంగా కింది విధంగా తీర్మానిస్తున్నది:

1. ఒక మనిషి లేచి వెంటనే ఏదో ఒక పని చేయవలసిన అవసరం ఉన్నప్పుడే ఆ మనిషి ఫోను మోగాలి. చేయవలసిన పని ఉన్నా అది తెల్లవారేదాకా ఆగగలిగేదైతే పగటి జాబితాలోకి వెళ్లాలి. చేయవలసిందేమీ లేకపోతే లాగ్‌లో నమోదై ఊరుకోవాలి. ఈ మూడింటికి బయట నాలుగో రకం అలర్ట్ ఉండకూడదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. వడపోత ఫోను మోగడానికే వర్తిస్తుంది, లాగ్‌కు వర్తించదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు భద్రంగా ఉండాలి. ఫోను మోగడం ఆపాలని పరికరంలోనే లాగ్ పంపడం ఆపేసే అలవాటు కొందరిలో ఉంది. దాన్ని ఈ రోజుతో మానుకోవాలి. అవే ఆదేశాలు పరికరాల గడియారాలన్నీ ప్రామాణిక సమయ సర్వర్లతో సరిపోలి ఉండాలని కూడా చెబుతున్నాయి. వడపోతకు అది మరీ అవసరం. ఓఎల్‌టీ గడియారం ఒక సమయం, స్విచ్ గడియారం మరో సమయం చూపిస్తుంటే ఏది ముందు పడిపోయింది, ఏది దాని వెంట పడిపోయింది అన్నది ఏ సాఫ్ట్‌వేరూ తేల్చలేదు.

2. ఇళ్లలో ఫైబర్ చివర పెట్టే ఓఎన్‌యూ బాక్సుల విషయం. మనకు వచ్చే పనికిరాని అలర్ట్లలో సింహభాగం వీటివే కాబట్టి దీనిమీద చర్చ ఎక్కువసేపు సాగింది.

ఇంట్లో పడుకునే ముందు బాక్సు ఆపేసేవాళ్లు చాలామంది. సంక్రాంతికి, దసరాకు ఊళ్లకు వెళ్లేవాళ్లు మెయిన్ ఆపేసి తాళం వేసుకుని వెళ్తారు. కొంపల్లి అపార్టుమెంట్లలో పండుగ ముందురోజు సాయంత్రం బాక్సులు వరుసగా ఆరిపోతూనే ఉంటాయి. మే నెలలో ఈదురుగాలి లేచిందంటే ఫీడర్ ట్రిప్ అయి ఒక ఊరు ఊరంతా పోతుంది. ఇవేవీ మన నెట్‌వర్క్ లోపాలు కావు. అయినా ప్రతి బాక్సుకూ ఒక అలర్ట్, మళ్లీ వెలిగినప్పుడు మరొక అలర్ట్.

బాక్సుకు కరెంటు పోయేటప్పుడు, లోపల మిగిలిన కాస్త ఛార్జితో "నా కరెంటు పోతోంది" అన్న చివరి సందేశం ఓఎల్‌టీకి పంపే ఏర్పాటు, ఇళ్లకు ఫైబర్ ఇవ్వడానికి వాడే జీపాన్ పద్ధతిలో ఉంది. దాన్నే డయింగ్ గ్యాస్ప్ అంటున్నాం. ఆ సందేశం వచ్చి బాక్సు పోతే కరెంటు పోయినట్టు. సందేశం లేకుండా వెలుతురు మాయమైతే ఫైబర్ తెగి ఉండవచ్చు. "ఉండవచ్చు" అనే అంటున్నాం. చవకరకం బాక్సులు కొన్ని ఆ చివరి సందేశాన్ని పంపవు, ఒకేసారి వందలు పోయినప్పుడు కొన్ని సందేశాలు చేరవు. అందువల్ల ఒక్క బాక్సు మాటను పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. ఓఎల్‌టీలోని ఒక పోర్టు కింది బాక్సులన్నింటినీ కలిపి చూడాలి. ఒకే పోర్టు మీద 64 దాకా, కొన్నిచోట్ల 128 దాకా బాక్సులు ఉంటాయి. మన ఇళ్లలో ఇన్వర్టర్లు మామూలే కాబట్టి, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఉన్న ఇళ్ల బాక్సులు బతికే ఉంటాయి. మెయిన్ ఫైబర్ తెగినప్పుడు ఇన్వర్టరు ఉన్నా లేకపోయినా అన్నీ ఒక్కసారే పోతాయి. ఫైబర్‌ను వీధి ఇళ్లకు పంచే రెండో స్ప్లిటర్ కింది ఇళ్లు మాత్రమే పోతే ఆ వీధి కేబుల్ చూడాలి. ఇంత తేడా తెర మీద కళ్లముందే కనిపిస్తుంటే, దాన్ని నియమంగా రాసిపెట్టకుండా ప్రతి రాత్రీ మనిషిని ఊహించమనడం సరికాదు.

కాబట్టి ఇలా తీర్మానిస్తున్నాం. ఇంటి బాక్సు ఒక్కటే పోతే ఏ వేళనైనా ఫోను మోగకూడదు. పోర్టు మొత్తం పోతే పోర్టు పేరుతో ఒకే ఒక్క అలర్ట్ రావాలి. ప్రతి పోర్టు పరిధిలో ఒక బాక్సుకు, ఫ్రాంచైజీ దుకాణంలోనో నమ్మకమైన కస్టమర్ ఇంట్లోనో, చిన్న బ్యాటరీ పెట్టి సాక్షిగా ఉంచాలి. మిగతావి పోయి సాక్షి నిలబడితే అది కరెంటు సంగతి. సాక్షి కూడా పోతే బండి తీయాలి. బ్యాటరీ ఖర్చు సభ్యులే భరించాలి. అనవసరంగా రాత్రిపూట తిరిగే పెట్రోలుతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదని ఈ సమావేశం అభిప్రాయం.

దీనికి రెండు మినహాయింపులు. ఆసుపత్రి, బ్యాంకు, ఏటీఎం, శీతల గిడ్డంగి, ప్రయోగశాలల కనెక్షన్లకు ఇంటి నియమం వర్తించదు. వాటికి ఒక్క బాక్సు పోయినా ఫోను మోగాలి. రెండోది, బాక్సుకు చేరే వెలుతురు రోజురోజుకూ తగ్గుతుండటం. జీపాన్‌లో సాధారణంగా వాడే బీ-ప్లస్ తరగతికి మైనస్ 27 డీబీఎం హద్దు. ఆ హద్దు దగ్గరపడుతున్న లైన్‌కు వంగిన కేబులో, ఎలుక కొరికిన తీగో, నీరు చేరిన జాయింటో కారణమై ఉంటుంది. ఇది రాత్రి లేపాల్సిన విషయం కాదు, కానీ ఎట్టి పరిస్థితిలోనూ వదిలేయాల్సిన విషయమూ కాదు. పగటి జాబితాలో అన్నింటికన్నా పైన ఉండాలి. ఇప్పుడు రొదలో పూర్తిగా కొట్టుకుపోతున్నవి ఇవే.

3. పైనున్న పరికరం పోయినప్పుడు దాని కిందివాటి అలర్ట్లు ఆగాలి. ఏ స్విచ్ వెనక ఏ ఓఎల్‌టీ ఉంది, దేని వెనక ఏ కెమెరా ఉంది అన్న వరుసను సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయాలి. నాగియోస్‌లో ఈ తల్లి-పిల్ల సంబంధం మొదటినుంచీ ఉంది. తల్లి పరికరం పోతే పిల్ల పరికరాన్ని "పోయింది" అనకుండా "చేరలేకపోతున్నాం" అని చూపుతుంది. జాబిక్స్‌లో, లిబ్రెఎన్‌ఎంఎస్‌లో కూడా ఇలాంటి ఏర్పాటు ఉంది. వరుస రాయడానికి ముందు కాగితం మీద నెట్‌వర్క్ పటం ఉండాలి. పటం లేని సభ్యులు ముందుగా ఆ పని పూర్తిచేయాలి.

4. కళాశాలలు, కార్యాలయాల్లో విద్యార్థులు, ఉద్యోగులు తగిలించుకునే పోర్టుల రాకపోకలను అలర్ట్లుగా పంపకూడదు. ఉదయం అందరూ వచ్చినప్పుడు, సాయంత్రం అందరూ వెళ్లినప్పుడు వందలకొద్దీ వచ్చే ఈ సందేశాల వల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు. అప్‌లింక్ పోర్టులు, సర్వర్ పోర్టులు, వైఫై యాక్సెస్ పాయింట్ల పోర్టులు మాత్రమే చాలు. ప్రింటర్ టోనర్ అలర్ట్లు స్టోర్స్ విభాగానికి వెళ్లాలి. ఆటో డిస్కవరీ కనుగొన్న కొత్త పరికరాన్ని ఒక మనిషి చూసి ఒప్పుకున్నాకే పర్యవేక్షణలో చేర్చాలి.

5. వస్తూ పోతూ ఉండే పరికరాల విషయంలో, ఒక్కసారి జవాబు రాకపోతే అలర్ట్ పంపకుండా, వరుసగా కొన్నిసార్లు రాకపోతేనే పంపాలి. వేడి, వోల్టేజీ, లైన్ రద్దీ వంటి కొలతలకు అలర్ట్ మొదలయ్యే హద్దు ఒకటి, ముగిసే హద్దు మరొకటి పెట్టాలి. రెండూ ఒకటే అయితే ఆ గీత మీద అటూ ఇటూ ఊగే పరికరం రాత్రంతా మోగిస్తుంది. మాటిమాటికీ ఊగే పరికరాన్ని గుర్తించడానికి నాగియోస్ చివరి 21 తనిఖీల ఫలితాలను లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా సాఫ్ట్‌వేర్లలో సమానమైన ఏర్పాటు ఏదుంటే అది వాడాలి. ఒక మాట మాత్రం గుర్తుండాలి. ఊగుతున్న లింకు అలర్ట్ ఆపామంటే ఆ లింకు బాగుపడినట్టు కాదు. దాని పేరు పగటి జాబితాకు చేరాలి.

6. కొన్ని అలర్ట్ల మీద ఏ వడపోతా పనిచేయకూడదు. ప్రధాన అప్‌లింకులు. ఓఎల్‌టీ గదిలోని వేడి, పొగ, బ్యాటరీ మట్టం. పరికరాల్లోకి పదేపదే తప్పు పాస్‌వర్డ్‌తో చొరబడే ప్రయత్నం, ఎవరూ చేయమని చెప్పని కాన్ఫిగరేషన్ మార్పు. జీనోమ్ వ్యాలీ పరిసరాల్లోని సభ్య ఉద్యోగుల సంస్థలకు సంబంధించి శీతల గదుల, ఫ్రీజర్ల సెన్సర్లు కూడా వీటిలో చేరతాయి. ఆ సెన్సర్ల నుంచి సమాచారం రాకపోవడాన్ని కూడా వేడి పెరిగినంత తీవ్రంగానే తీసుకోవాలి.

7. ప్రతి వడపోత నియమానికీ ఒక పేరు, ఒక కారణం, ఒక గడువు ఉండాలి.

ఈ అంశం మీద సమావేశంలో గట్టి భేదాభిప్రాయం వచ్చింది. ఏ అలర్ట్‌నూ ఆపకూడదని, ఆపినదాన్ని అందరూ మరచిపోతారని, ఏదో ఒకరోజు ఆ మరుపే కొంప ముంచుతుందని కొందరు అనుభవజ్ఞులు వాదించారు. వారి భయంలో నిజముంది. ఉద్యోగం మారి వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడో పెట్టిన నియమాలు, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియక, తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలక, సర్వర్లలో అలాగే మిగిలిపోతున్నాయి. అందుకే వారి వాదనను తీర్మానంలోకే తీసుకున్నాం. నియమం పెట్టినవారి పేరు, ఎందుకు పెట్టారో తెలుగులో రెండు వాక్యాలు, ఏ తేదీతో ముగుస్తుందో తప్పనిసరిగా రాయాలి. గడువు మూడు నెలలకు మించకూడదు. గడువు ముగిస్తే నియమం తనంతట తానే ఆగి, అలర్ట్ మళ్లీ మోగడం మొదలుకావాలి. కావలసినవారు మళ్లీ ఆలోచించి మళ్లీ పెట్టుకోవాలి. 2వ, 3వ, 4వ అంశాల్లోని శాశ్వత నియమాలకు గడువు ఉండదు కానీ, ఏడాదికొకసారి సమీక్ష ఉంటుంది.

8. మానిటరింగ్ సర్వర్ బతికే ఉందని చెప్పే చిన్న సందేశం నిర్ణీత సమయానికోసారి మరో చోటికి, అంటే వేరే ఇంటర్నెట్ లైన్ మీద ఉన్న మరో యంత్రానికి చేరుతుండాలి. చేరకపోతే ఆ రెండో యంత్రమే ఫోను మోగించాలి. రోజుకొకసారి, షిఫ్టు మారే వేళకు, ఒక పరీక్ష అలర్ట్ పంపి అది నిజంగా ఫోను దాకా వచ్చిందో లేదో చూసి రిజిస్టరులో సంతకం చేయాలి. పరికరాలు తమంతట తామే పంపే ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌లు మామూలుగా యూడీపీ మీద వెళ్తాయి. చేరాయో లేదో పంపినవారికి తెలియదు. కాబట్టి ట్రాప్‌ల మీదే ఆధారపడకుండా, సర్వరే పరికరాన్ని అడిగి తెలుసుకునే పద్ధతిని కూడా కొనసాగించాలి.

9. రోడ్డు పనులు. సుచిత్ర, కొంపల్లి వైపు ఫ్లైఓవర్లు, ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా 2024 మార్చిలో శంకుస్థాపన జరిగిన ఎలివేటెడ్ కారిడార్, 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన మేడ్చల్, శామీర్‌పేట మెట్రో మార్గాలు. రాబోయే ఏళ్లలో జాతీయ రహదారి, రాజీవ్ రహదారి వెంట తవ్వకం ఆగదు. తవ్వకం సమాచారం ముందే తెలిసిన చోట, అలర్ట్లు ఆగి ఉండే మెయింటెనెన్స్ సమయం పెట్టుకోవాలి. ఆ సమయం ముగిశాక కూడా లైన్ రాకపోతే అలర్ట్ రెట్టింపు తీవ్రతతో రావాలి. ఆ సమయానికి బయట, తవ్వకం సాగే దారిలోని ఫైబర్‌కు ముందస్తుగా అలర్ట్లు ఆపి ఉంచడం మాత్రం నిషిద్ధం.

10. అలర్ట్ తెలుగులో రావాలి. పోర్టు నంబరు, సంక్షిప్త పదాలు మాత్రమే ఉన్న సందేశం నిద్రలో లేచిన మనిషికి అర్థం కాదు. "అలియాబాద్ మూడో పోర్టు మొత్తం పోయింది. సాక్షి బాక్సు కూడా లేదు. ఓఎల్‌టీ గదిలో కరెంటు ఉంది. బస్టాండ్ జాయింట్ నుంచి మొదలుపెట్టండి" అన్న రీతిలో ఉండాలి. ఎక్కడ, ఏమిటి, ముందుగా ఏం చేయాలి అన్న మూడూ చెప్పలేని అలర్ట్‌కు ఫోను మోగించే అర్హత లేదు.

11. వారానికొకసారి ప్రతి సభ్యుని కార్యాలయంలో రాత్రి మోగిన అలర్ట్లన్నింటినీ ముందేసుకుని, ప్రతిదాని ఎదురుగా "ఏం చేశాం" అన్నది రాయాలి. "ఏమీ చేయలేదు" అని రాసినవి వచ్చే వారానికి మోగకుండా చూడాలి, లేదా ఎందుకు మోగాలో కారణం చెప్పాలి. కస్టమర్ ఫోన్ చేసి చెబితేనే మనకు తెలిసిన అంతరాయాలను కూడా విడిగా రాయాలి. వడపోత అతిగా అయిందో లేదో ఆ రెండో జాబితాయే చెబుతుంది. ఈ సమీక్షలో రాత్రి షిఫ్టు ఉద్యోగి తప్పనిసరిగా కూర్చోవాలి, ఆ సమయానికి వేతనం ఇవ్వాలి.

12. రాత్రి పది తరువాత, వానలోనూ, విద్యుత్ స్తంభం ఉన్నచోటా, ఒక్కరినే ఒంటరిగా పంపకూడదు. 2వ అంశంలో చెప్పిన సాక్షి బాక్సు చూడకుండా ఎవరినీ పంపకూడదు. ఇంటి కనెక్షన్ అయితే తెల్లవారేదాకా ఆగాలి. కస్టమర్‌కు ఆ మాట మర్యాదగా చెప్పే బాధ్యత ఆపరేటరుదే, టెక్నీషియన్‌ది కాదు.

విజ్ఞప్తులు

విద్యుత్ పంపిణీ సంస్థకు: ఏ ఫీడర్ ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అన్న సమాచారాన్ని మా సాఫ్ట్‌వేర్లు నేరుగా చదువుకోగల రూపంలో అందుబాటులో ఉంచాలని కోరుతున్నాం. ఆ ఒక్క సమాచారం చేతికొస్తే గాలివాన సాయంత్రాల్లో మా అలర్ట్లలో ఎక్కువభాగం వాటంతటవే సర్దుకుంటాయి. మా మనుషులు మీ స్తంభాల దగ్గరికి అనవసరంగా రావడమూ తగ్గుతుంది.

రోడ్లు, పైపులైన్ల కాంట్రాక్టర్లకు: తవ్వే ముందు సమాచారం ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న ప్రారంభించిన 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ ఉంది. జేసీబీ దింపే ముందు దాన్ని వాడండి. మా సభ్యులు తమ భూగర్భ ఫైబర్ వివరాలను అందులో నమోదు చేసుకోవాలని కూడా ఇదే తీర్మానంలో ఆదేశిస్తున్నాం.

సాఫ్ట్‌వేర్, ఓఎల్‌టీ తయారీదారులకు: కొత్త పరికరం పెట్టెలోంచి తీసిన రోజున అన్ని అలర్ట్లూ ఆన్ అయి ఉండే పద్ధతిని మార్చండి. తెలుగు అక్షరాలు సరిగా కనిపించే అలర్ట్ నమూనాలు ఇవ్వండి. డయింగ్ గ్యాస్ప్ పంపే బాక్సు ఏది, పంపనిది ఏది అన్నది అట్టపెట్టె మీదే ముద్రించండి.

అమలు

ఈ తీర్మానం వచ్చే నెల 1వ తేదీ నుంచి సభ్యులందరికీ వర్తిస్తుంది. నెట్‌వర్క్ పటం లేనివారికి మరో రెండు నెలల వ్యవధి ఇచ్చాం. సాక్షి బాక్సులకు బ్యాటరీలు కొనలేని చిన్న ఆపరేటర్లకు పెద్ద ఆపరేటర్లు తమ దగ్గర మిగిలినవి ఇవ్వడానికి సమావేశంలోనే ఒప్పుకున్నారు. తీర్మానం ప్రతిని ప్రతి కంట్రోల్ రూములో రాత్రి షిఫ్టు ఉద్యోగి కూర్చునే చోట అతికించాలి.

రాత్రి షిఫ్టు ఉద్యోగులకూ, ఫీల్డ్ టెక్నీషియన్లకూ ఒక మాట. ఇందులోని ఏ నియమం వల్లనైనా మీకు తెలియాల్సిన సంగతి తెలియకుండా పోతే, లేదా తెలియనక్కరలేనిది ఇంకా మోగుతుంటే, మీ యజమాని అనుమతి కోసం చూడకుండా రాసి పంపండి. మూడు నెలల తరువాత జరిగే సమీక్షా సమావేశంలో మొదటి అంశంగా మీ ఉత్తరాలనే చదువుతాం.